డిక్రీ ఉన్న ఇంటికి ఐ.పి. నోటీసు



ఆదోని దగ్గర ఒక పల్లెలో ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరి మా దగ్గరకు వచ్చి, కొంగులో చుట్టి తెచ్చిన రెండు కాగితాలు చేతిలో పెట్టారు. ఒకటి కోర్టు ముద్ర ఉన్న డిక్రీ నకలు. రెండవది మూడు రోజుల క్రితం పోస్టులో వచ్చిన నోటీసు.

"అయ్యగారూ, ఈ మొదటి కాగితం కోసం నాలుగేండ్లు కోర్టు చుట్టూ తిరిగినాను. ఈ రెండోది వచ్చినాక మొదటిది పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదంటున్నారు. నిజమేనా?" అని అడిగారు.

ఆమె విధవరాలు. కూతురి పెండ్లికని దాచిన లక్షా ఇరవై వేల రూపాయలను అదే సంఘంలోని ఒక సహోదరునికి ప్రోనోటు మీద అప్పుగా ఇచ్చారు. ఆయన పల్లెల్లో పత్తి కొని ఆదోని మార్కెట్టుకు తోలే చిన్న వ్యాపారి. రెండేండ్లు మాట తప్పలేదు. తరువాత ధర పడిపోయి, పై వ్యాపారుల దగ్గర డబ్బు చిక్కుకొని, చేతులెత్తేశారు. ఆమె దావా వేసి డిక్రీ పొంది, ఆయన ఖాళీ స్థలాన్ని జప్తు చేయించారు. వేలం దగ్గర పడుతుండగా ఆయన ఐ.పి. పెట్టారు. ఆ నాటి నుండి ఆ సంఘంలో ప్రభురాత్రి భోజనపు ఆదివారం వస్తే, ఆమె వచ్చిన వారం ఆయన రారు, ఆయన వచ్చిన వారం ఆమె రారు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఆదోని రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. పత్తి, బుడ్డలు నమ్ముకొని బ్రతికే రేగడి చేల ప్రాంతమిది. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘంతో దేశమంతటా పేరు పొందిన ఊరు. వాన తప్పినా, ధర తప్పినా, నూలు ధర పెరిగినా ఈ రెండు ఊర్ల చుట్టుపక్కల అప్పు ఒక ఇంటి నుండి ఇంకొక ఇంటికి పాకుతుంది. పంట పోయినవారు గుంటూరు వైపు సుగ్గికి పోతారు. వ్యాపారం పోయినవారు ఐ.పి. పెడతారు. అందుచేత ఈ మాసం ఐ.పి. అంటే ఏమిటి, అది వచ్చినప్పుడు డిక్రీ, జప్తు, తనఖా ఏమవుతాయి అన్న సంగతిని, పెద్దలైన న్యాయవాదులను అడిగి తెలుసుకొని, మా పాఠకుల ముందుంచుతున్నాము.

ఇ.పి. వేరు, ఐ.పి. వేరు

మన పల్లెల్లో ఈ రెండు మాటలు కలిసిపోతుంటాయి. ఇ.పి. అంటే ఎగ్జిక్యూషన్ పిటిషను. డిక్రీ పొందినవారు "నా డబ్బు రాబట్టి ఇప్పించండి" అని కోర్టును అడిగేది. డిక్రీ వచ్చిన నాటి నుండి పన్నెండేండ్ల లోపల దానిని వేయవచ్చును. ఐ.పి. అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషను. "నా అప్పులు నా ఆస్తిని మించిపోయాయి, తీర్చలేను, నన్ను దివాలాదారునిగా ప్రకటించండి" అని అప్పుపడినవారు అడిగేది. అప్పిచ్చినవారు కూడా, అప్పుపడినవాడు ఆస్తి దాచినా, పారిపోయినా, మూడు నెలల లోపల ఐ.పి. వేయవచ్చును. మన ప్రాంతంలో ఇవి సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో నడుస్తాయి.

దీనికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టము. అప్పటికి ఆదోని మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. రాష్ట్రాలు మారినా చట్టం మారలేదు. 2016లో పార్లమెంటు కొత్త దివాలా స్మృతి చేసింది గాని, అది కంపెనీలకును, 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పుకు పూచీపడిన వ్యక్తులకును మాత్రమే వర్తిస్తున్నది. మనవంటి రైతులకు, నేతగాండ్రకు, చిన్న వ్యాపారులకు సంబంధించిన భాగం ఇంకా అమలులోకి రాలేదు. కనుక నూరేండ్లు దాటిన ఆ పాత చట్టమే నేటికీ మన చట్టము.

డిక్రీ చచ్చిపోదు, వరుసలో నిలబడుతుంది

ఆ సహోదరి అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. ఐ.పి. వలన డిక్రీ రద్దు కాదు. కాని దాని చేతులు కట్టివేయబడతాయి.

కోర్టు ఒక వ్యక్తిని దివాలాదారునిగా ప్రకటిస్తే, ఆయన ఆస్తి అంతా కోర్టుకు లేక కోర్టు నియమించే రిసీవరుకు చెందుతుంది. అప్పటి నుండి మామూలు అప్పులవాళ్ళు ఎవరూ కోర్టు అనుమతి లేకుండా కొత్త దావా వేయరాదు, విడిగా ఆ ఆస్తి మీద పడరాదు. జప్తు చేయించినవారు కూడా ఇందులో మినహాయింపు కాదు. జప్తు అంటే ఆ ఆస్తి మీద మనకు హక్కు వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. జప్తు అమ్మకుండా వేసిన తాళం మాత్రమే. ఆస్తిలో భాగం కాదు.

వేలం జరిగి డబ్బు వచ్చిన తరువాత ఐ.పి. కోర్టులో అంగీకరించబడితే ఆ డబ్బు డిక్రీదారునిదే. సద్బుద్ధితో వేలంలో కొన్నవారి హక్కు కూడా చెదరదు. వేలానికి ముందే ఐ.పి. అంగీకరించబడినట్లు ఇ.పి. నడిచే కోర్టుకు తెలిస్తే, కోర్టు అధీనంలోని ఆ ఆస్తిని రిసీవరుకు అప్పగిస్తారు. అప్పుడు ముందుగా జప్తు చేయించినవారికి మిగిలే లాభం ఒకటే: దావాకు, ఇ.పి.కి అయిన కోర్టు ఖర్చులు ఆ ఆస్తి నుండి మొట్టమొదట వారికి రావాలి. అసలు, వడ్డీ మాత్రం అందరితో కలిసి వరుసలో నిలబడవలసిందే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఐ.పి. నోటీసు రాగానే "ఇక అంతా అయిపోయింది" అని ఇంట్లో కూర్చునేవారున్నారు. ఐ.పి. దాఖలు కావడం వేరు, దివాలాదారునిగా ప్రకటించడం వేరు. రెండింటి మధ్య ఏండ్లు గడవవచ్చును. ఆ మధ్యకాలంలో మీ ప్రోనోటుకున్న మూడేండ్ల గడువు ఆగదు. నోటీసు చూసి దావా వేయడం మానుకొన్నవారి నోటు గడువు దాటిపోతుంది; తరువాత ఐ.పి. కొట్టివేయబడినా వారికి మిగిలేది కన్నీరే.

తనఖా సంగతి వేరు

తనఖా ఉన్నవారి దారి వేరు. ఇల్లో, పొలమో తనఖా పెట్టించుకొని అప్పిచ్చిన బ్యాంకుకు గాని, వ్యక్తికి గాని ఐ.పి. అడ్డురాదు. చట్టం వారిని హామీ ఉన్న అప్పులవాళ్ళు అంటుంది. ఆ ఆస్తిని న్యాయప్రకారం అమ్మించి తమ బాకీ తీసుకోవచ్చును. చాలకపోతే తక్కినదానికి మాత్రమే అందరితో పాటు వరుసలోకి వస్తారు. అప్పుపడినవారికి కోర్టు విడుదల ఇచ్చినా తనఖా తనఖాగానే ఉంటుంది.

లెక్కతో చెబితే తేలికగా అర్థమవుతుంది. ఒక వ్యాపారి ఇల్లు బ్యాంకుకు తనఖా ఉన్నదనుకుందాం. ఇల్లు 8 లక్షలకు అమ్ముడుపోయింది. బ్యాంకు బాకీ 6 లక్షలు పోగా మిగిలిన 2 లక్షలు రిసీవరుకు చేరాయి. ఖాళీ స్థలం మీద మరి 1 లక్ష వచ్చింది. మొత్తం 3 లక్షలు. నోట్ల మీద ఇచ్చిన అప్పులు అందరివీ కలిపి 10 లక్షలు. అప్పుడు రూపాయికి 30 పైసలు వస్తాయి. లక్షా ఇరవై వేలు ఇచ్చినవారికి 36,000 రూపాయలు. ఇందులో నుండి కూడా రిసీవరు ఖర్చులు, ప్రభుత్వ బాకీలు, పనివాళ్ళ జీతబాకీలో చట్టం చెప్పినంత ముందుగా పోతాయి.

ఐ.పి. లేకపోతే ఆ ఖాళీ స్థలం డబ్బు లక్షా ముందుగా జప్తు చేయించిన ఆ సహోదరికే వచ్చేదేమో. ఆమె దుఃఖం మనకు అర్థమవుతుంది. కాని అదే వ్యాపారికి పత్తి తోలి డబ్బు రాని రైతులున్నారు, బండి కూలి రానివారున్నారు. కోర్టు దారి తెలిసినవారికి మొత్తం, తెలియనివారికి సున్న అనకుండా, ఉన్నది అందరికీ పంచడం ఈ చట్టం ఉద్దేశము.

దాచిన ఆస్తి తిరిగి వస్తుంది

ఎమ్మిగనూరు వైపు ఒక సహోదరుడు మమ్మల్ని చాటుగా అడిగారు: "అన్నా, ఇల్లు బామ్మర్ది పేర రాసి, ఆ తరువాత ఐ.పి. పెట్టమని ఒకాయన చెబుతున్నాడు. పాపమా?" పాపము సంగతి తరువాత, మొదట చట్టం సంగతి వినండి అన్నాము.

అలా రాసిన రెండేండ్ల లోపల ఐ.పి. వేయబడి ఆయన దివాలాదారుడైతే, సరియైన డబ్బు తీసుకొని సద్బుద్ధితో చేసినది కాని ఆ దస్తావేజును కోర్టు రద్దు చేయవచ్చును. పెండ్లికి ముందు పెండ్లి నిమిత్తం ఇచ్చినదానికి మినహాయింపు ఉన్నది. ఐ.పి.కి ముందు మూడు నెలల లోపల, తక్కినవారిని ఎగ్గొట్టి ఒక్కరికే మేలు చేయాలని కట్టిన బాకీని కూడా వెనక్కు రప్పించవచ్చును. రిసీవరు ఊరకున్నా, తన అప్పు రుజువు చేసుకొన్న ఏ అప్పులవాడైనా కోర్టు అనుమతితో ఈ పని చేయించవచ్చును. లెక్క పుస్తకాలు మాయం చేసినా, ఆస్తి దాచినా జైలుశిక్ష వరకు ఉన్నది.

ఇక పాపము సంగతి. అననీయ, సప్పీరాలు పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకొన్నందుకు కాదు, దాచి అంతా ఇచ్చామని చెప్పినందుకు పడిపోయారు. ఐ.పి.లో ఆస్తుల పట్టిక ప్రమాణం మీద దాఖలు చేస్తారు. అందులో రాయని ఇల్లు దేవుని ఎదుట రాయబడే ఉంటుంది.

జామీను ఉన్నవారికి విడుదల లేదు

మా ప్రాంతపు సంఘాలలో ఎక్కువ ఇండ్లు చెడినది సొంత అప్పుతో కాదు, జామీనుతో. "ఊరికే సంతకం పెట్టు అన్నా, నేను కట్టుకుంటా" అన్న మాటతో. అప్పు చేసినవారు ఐ.పి. పెట్టి విడుదల పొందినా జామీనుదారునికి ఆ విడుదల వర్తించదు. కాంట్రాక్టు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అప్పు చేసినవాని బాధ్యత ఎంతో జామీనుదారుని బాధ్యత అంతే. బ్యాంకు నేరుగా ఆయన మీదకే రావచ్చును. సామెతల గ్రంథము ఆరవ అధ్యాయంలో పూచీపడినవాడు వలలో చిక్కిన పక్షివలె తప్పించుకొనుటకు త్వరపడవలెనని చెప్పబడింది. సంతకానికి ముందే ఆ అధ్యాయం చదవడం మంచిది.

ముట్టకూడనివి కొన్ని ఉన్నాయి

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో దేవుడు అప్పిచ్చినవానికి హద్దు పెట్టాడు: తిరగలి రాయిని తాకట్టు పట్టరాదు, ఎందుకంటే అది ఆ ఇంటి ప్రాణము, బీదవాని దుప్పటి తీసుకొంటే ప్రొద్దుగుంకకముందే తిరిగి ఇవ్వాలి. మన సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షనులో ఈ దయ యొక్క నీడ కనబడుతుంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతిపనివాని పనిముట్లు, రైతు బ్రతకడానికి అవసరమైన సేద్యపు పనిముట్లు, పశువులు, విత్తనాలు, కూలివాని కూలి, రైతు గాని కూలివాడు గాని తాను కాపురముండే ఇల్లు - వీటిని డబ్బు డిక్రీ కింద జప్తు చేయరాదు. ఐ.పి.లోనూ ఇవి రిసీవరుకు చెందవు. నేతగాని మగ్గం కూడా చేతిపనివాని పనిముట్టే. కాని మనమే ఆ ఇంటిని తనఖా రాసిస్తే ఆ రక్షణను మన చేతులతో మనమే వదులుకొన్నట్లే. తనఖా డిక్రీకి ఆ మినహాయింపు లేదు.

జైలు భయం గురించి కూడా ఒక మాట. డబ్బు డిక్రీ కింద స్త్రీలను అరెస్టు చేయరాదు. మగవారిని కూడా, కట్టే శక్తి ఉండి ఎగ్గొడుతున్నారని తేలితేనే. 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యరుగారు, బీదతనము వలన కట్టలేనివానిని జైలులో పెట్టడం న్యాయం కాదని సుప్రీంకోర్టు పక్షమున తీర్పు చెప్పారు. జైలులో పెట్టినా మూడు నెలలకు మించదు. బయటికి వచ్చినా అప్పు అలాగే ఉంటుంది. అరెస్టయినవారు ఐ.పి. వేసుకొంటామని చెప్పి, తగిన హామీతో విడుదల కోరవచ్చును. పోలీసు పేరు చెప్పి ఇంట్లో ఆడవాళ్ళను బెదిరించేవారికి జడిసి, ప్రాణం తీసుకోవలసినంత అప్పు ఏదీ లేదని మా పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆ తలంపు వచ్చినవారు ఆ రాత్రే సంఘకాపరి తలుపు తట్టాలి.

విడుదల, మనస్సాక్షి

దివాలాదారునిగా ప్రకటించబడితే అప్పు పోయిందని చాలామంది అనుకుంటారు. పోలేదు. కోర్టు పెట్టిన గడువులో విడుదల కోసం మళ్ళీ అర్జీ పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే ఆ ప్రకటన రద్దయి, డిక్రీలన్నీ మళ్ళీ మీదికి వస్తాయి. ఆస్తి విలువ మామూలు అప్పులకు రూపాయికి ఎనిమిది అణాలు కూడా రాకపోతే పూర్తి విడుదల ఇవ్వకూడదని చట్టం చెబుతుంది. తన తప్పులేని కారణం చేత అలా జరిగిందని కోర్టుకు నమ్మకం కలిగించగలిగితే తప్ప. కరువుతో చెడినవానికీ, పేకాటతో చెడినవానికీ చట్టం తేడా చూస్తుందన్నమాట. విడుదల వచ్చినా ప్రభుత్వ బాకీ, మోసంతో చేసిన అప్పు, భార్యాబిడ్డలకు కోర్టు ఆజ్ఞాపించిన మనోవర్తి పోవు. విడుదల రాకముందు తన స్థితి చెప్పకుండా కొత్త అప్పు చేయడం నేరం కూడా.

క్రైస్తవుడు ఐ.పి. పెట్టవచ్చునా? పెట్టరాదని మేము చెప్పము. ఏడవ ఏట అప్పు విడిచిపెట్టమని ధర్మశాస్త్రములో ఆజ్ఞాపించినవాడు మన దేవుడే. నెహెమ్యా ఐదవ అధ్యాయంలో పొలాలు, ఇండ్లు తిరిగి ఇప్పించినవాడు ఆయన సేవకుడే. కాని అప్పు తీర్చని భక్తిహీనుని గురించి 37వ కీర్తన చెప్పిన మాట కూడా మన గ్రంథములోనిదే. ఎలీషా కాలపు విధవరాలికి నూనె దొరికినప్పుడు ప్రవక్త మొదట చెప్పినది అమ్మి అప్పు తీర్చమని. మిగిలినదానితో బ్రతకమని తరువాత. కోర్టు విడుదల చట్టపు బాధ్యతను తీసివేస్తుంది. చేయి తిరిగిన నాడు ఇవ్వాలన్న మనస్సాక్షి బాధ్యతను ఏ కోర్టు తీసివేయదు.

నోటీసు వచ్చిన రోజున

నోటీసులోని వాయిదా తేదీ చూసుకొని, న్యాయవాదిని కలిసి, ఆ రోజున హాజరు కండి. నోటు, డిక్రీ, ఇ.పి. కాగితాల నకళ్ళు జాగ్రత్త చేయండి. నోటు మీద గడువు దగ్గరపడితే దావా వేయడం ఆపవద్దు. దివాలా ప్రకటన వచ్చిన తరువాత మీ అప్పును ప్రమాణపత్రంతో కోర్టులో రుజువు చేసుకోండి. రిజిస్టరు పోస్టులో కూడా పంపవచ్చును. డిక్రీ ఉన్నదని ఊరకున్నవారి పేరు పంపకంలో లేకపోవచ్చును. ఆస్తి దాచినట్లు తెలిస్తే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీసి చూపండి. ఫీజు కట్టలేనివారికి 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఉచిత న్యాయ సహాయం ఉన్నది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, కరువు బాధితులకు ఇది హక్కు. కోర్టు ఆవరణలో అడిగితే చెబుతారు. రాజీ కుదిరితే లోక్ అదాలతులో తీర్పు పొందవచ్చును. అది కోర్టు డిక్రీతో సమానము.

అన్నిటికన్నా ముందు, ఇద్దరూ విశ్వాసులైతే, మొదటి వాయిదాకు ముందే సంఘపెద్దల ఎదుట కూర్చోండి. కొరింథీయులకు పౌలు రాసినది మన కోసమే.

ఆ సంఘంలో పాస్టరుగారు ఆ పనే చేశారు. ఒక బుధవారం రాత్రి ఇద్దరినీ తన ఇంటికి పిలిచారు. ఆ సహోదరుడు తన అప్పుల పట్టిక మొత్తం చదివారు. పదిహేడు పేర్లు. ఆమె అంతవరకు తనది ఒక్కటే అనుకొన్నారు. చదవడం అయిన తరువాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఆమె, "మా పాప పెండ్లి డబ్బు అని నీకు తెలుసు కదా అన్నా" అన్నారు. "తెలుసమ్మా. అందుకే నీ మొగం చూడలేక గుడికి రాలేకపోయినా" అన్నారాయన.

ఐ.పి. నడిచింది. ఆమె కోర్టు ఖర్చులు ముందుగా వచ్చాయి. తరువాత వంతు ప్రకారం కొంత వచ్చింది. ఇచ్చినదానిలో మూడవ భాగం కూడా కాదు. ఆయన ఇప్పుడు ఒక జిన్నింగు ఫ్యాక్టరీలో కూలికి పోతున్నారు. చట్టం అడగకపోయినా, పంట రోజుల్లో నెలకు వెయ్యి రూపాయలు పాస్టరుగారి ఎదుట ఆమె చేతిలో పెడుతున్నారు. కొన్ని నెలలు తప్పాయి. ఇంకా చాలా బాకీ ఉంది. కూతురి పెండ్లి సంఘమంతా కలిసి, చిన్నగా, గుడిలోనే చేశారు.

మొన్నటి ప్రభురాత్రి భోజనపు ఆదివారం మేము ఆ సంఘానికి వెళ్ళాము. ఆడవారి వైపు మూడవ వరుసలో ఆమె, మగవారి వైపు వెనుక వరుసలో ఆయన ఉన్నారు. ఇద్దరూ బల్ల దగ్గరకు వచ్చారు.

మీ ఇంట్లో ఇటువంటి కాగితం ఉన్నదా? దానిని దాచవద్దు. న్యాయవాదికి చూపండి, సంఘకాపరికి చూపండి, మోకాళ్ళ మీద ప్రభువుకు చూపండి. ఆయన మీ ఇంటికి సమాధానము దయచేయును గాక. ఆమేన్.